ఎనభై మూడు శాతం

జొన్నరొట్టె తట్టేటప్పుడు చెయ్యి ఆపకూడదు, ఆపితే అంచులు చీలిపోతాయి. అందుకే ఆ రోజు పొద్దున మా ఆయన హాల్లోంచి "నీలా, ఇలా రా, ఒక మాట" అని పిలిచినా నేను కదల్లేదు. "అక్కణ్ణుంచే చెప్పండి" అన్నాను. ఆయనే వంటింటి గుమ్మం దాకా వచ్చారు, చేతిలో ఫోను పట్టుకుని. ప్రభుత్వం నుంచి ఉత్తర్వు వచ్చిందట. రాష్ట్రంలోని కాలేజీల్లో, యూనివర్సిటీల్లో ఏఐని ఎక్కడ వాడొచ్చు, ఎక్కడ వాడకూడదు, వాడితే ఎలా చెప్పాలి అని నియమాలు రాయడానికి ఒక కమిటీ వేశారు. ఎనిమిది మంది సభ్యులు. ఛైర్మన్ చరిత్ర ప్రొఫెసర్ చన్నవీర హిరేమఠ, అంటే మా ఆయన.

అత్తమ్మ అక్కడే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. "ఏఐ అంటే ఏంట్రా చన్నూ?" అంది.

"ఇది కావాలి అని చెప్తే చాలవ్వా, అదే కూర్చుని రాసిపెట్టేస్తుంది. ఉత్తరమైనా, వ్యాసమైనా, పుస్తకమైనా."

"విసుక్కోదా?"

"విసుక్కోదు."

"మరి తిండి?"

"కరెంటు చాలు."

"అయితే మన నీలగంగ కంటే నయమే" అంది అత్తమ్మ. ఆవిడ నోట్లో పళ్ళు రాలిపోయాయి గానీ మాటకు మాత్రం పదును తగ్గలేదు. ముగ్గురం నవ్వాం. అందరికంటే నేనే ఎక్కువ నవ్వాను. ఈలోగా పెనం మీది రొట్టె మాడింది.

నేనూ చరిత్రే చదివాను. ఇదే ధార్వాడలో, ఆయనా నేనూ ఎమ్మేలో ఒకే క్లాసు. బంగారు పతకం నాకొచ్చింది. పెళ్ళిచూపులకు వచ్చినప్పుడు అత్తమ్మ ఆ పతకాన్ని అరచేతిలో పెట్టి తూచి, "ఇది నిజం బంగారమేనా?" అని అడిగింది. కాదని చెప్పాను. తర్వాత పిహెచ్.డి.కి చేరాను, పాప పుట్టింది, మానేశాను. "ఒక ఇంట్లో రెండు డాక్టరేట్లు ఎందుకు, గోడకి మేకు ఒక్కటే ఉంది" అని ఆయన సరదాగా అన్నారు. ఆ సరదాకి పాతికేళ్ళు. పాప పుణేలో ఉద్యోగం చేసుకుంటోంది. నేను ప్రభుత్వ డిగ్రీ కాలేజీలో అతిథి ఉపన్యాసకురాలిని. ప్రతి ఏడాదీ మార్చిలో మమ్మల్ని ఆపేస్తారు, కాలేజీలు తెరిచాక మళ్ళీ దరఖాస్తు పెట్టుకోమంటారు. పదిహేడేళ్ళుగా నేను ఆ కాలేజీకి అతిథిని. ఇంటికేమో గృహిణిని. ఇంతకాలం ఉండిపోయిన అతిథిని ఏ ఇంట్లోనైనా ఈపాటికి మూకుడు తోమమనేవాళ్ళు, వీళ్ళు పరీక్ష హాల్లో బెంచీలకు నంబర్లు వేయమంటారు.

కమిటీ మీటింగులకి ఆయన పొద్దుటి రైల్లో బెంగళూరు వెళ్ళేవారు. మొదటి మీటింగుకి ముందు ముసాయిదా కావాలి. ఆయన ఆ యంత్రాన్నే అడిగారు, నువ్వే నీ మీద నియమాలు రాసుకో అని. అది ఒక్క నిమిషంలో ముప్ఫై పేజీలు ఇచ్చింది. "చూడు నీలా, ఎలా ఉందో" అని నా ముందు పెట్టారు. చాలా శుభ్రంగా ఉంది. ఎంత శుభ్రంగా అంటే అందులో ఒక్క మనిషి కూడా లేడు. ప్రతి విద్యార్థికీ ఒక కంప్యూటరు, ప్రతి కాలేజీలో నాణ్యమైన నెట్, ప్రతి విభాగానికీ ఒక నైతిక సలహాదారు. మా కాలేజీలో కంప్యూటర్ గది తాళం చెవి గుమాస్తా జేబులో ఉంటుంది. తనిఖీ బృందం వచ్చినప్పుడు ఆ గది తెరుస్తారు, ఫోటోలు తీస్తారు, మూస్తారు. నా క్లాసులో నలభై రెండు మంది ఆడపిల్లలు. వాళ్ళలో ఇంట్లో ఒకే ఫోను ఉన్నవాళ్ళు సగం మంది, ఆ ఫోనూ రాత్రి అన్నకో నాన్నకో తీరిక దొరికాక చేతికి వస్తుంది. ఇంగ్లీషు రాదన్న సిగ్గుతో యంత్రంతో రాయించేవాళ్ళు ఉన్నారు. తప్పే, కాదనను. కానీ ఆ సిగ్గు ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ ముప్ఫై పేజీల్లో లేదు.

"ఇది పనికిరాదండీ" అన్నాను.

"నాకూ అదే అనిపించింది. నువ్వొకసారి సరిచెయ్యి."

సరిచెయ్యడమంటే మా ఇంట్లో మొదటి నుంచీ రాయడం. నేను వంటగట్టు మీద నిలబడి రాస్తాను. కాలేజీ నుంచి తెచ్చుకున్న పాత సర్క్యులర్ల వెనక ఖాళీ పేజీలు, ఒక బాల్ పెన్ను. కూర్చుంటే ఎవరో ఒకరు ఏదో ఒకటి అడుగుతారు. నిలబడితే వంట చేస్తున్నాననుకుని ఊరుకుంటారు.

ఆ రోజుల్లోనే శాహీన్ నదాఫ్ సంగతి జరిగింది. బి.ఏ. రెండో సంవత్సరం, అణ్ణిగేరి నుంచి బస్సులో వస్తుంది. వాళ్ళ నానమ్మ దూది ఏకే పని గురించి ఎనిమిది పేజీలు రాసుకొచ్చింది. మా సహోద్యోగి ఒకాయన దాన్ని ఏదో పరీక్ష సాఫ్ట్‌వేర్‌లో వేశాడు. తొంభై ఒక్క శాతం యంత్రం రాసింది అని వచ్చింది. ఆయన సున్నా వేసి, "నువ్వు ఇంత బాగా రాయలేవు, నాకు తెలుసు" అన్నాడట. ఆ పిల్ల స్టాఫ్‌రూమ్ మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది. వాళ్ళ నాన్నకి పరుపుల దుకాణం, ఆ దుకాణం రసీదు పుస్తకం వెనక రాసుకున్న చిత్తుప్రతి తెచ్చి చూపించింది. ఎన్ని కొట్టివేతలో! ఒక వాక్యాన్ని మూడుసార్లు కొట్టేసి నాలుగోసారి మొదటి వాక్యమే మళ్ళీ రాసుకుంది. నేను ఆ పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని నానమ్మ గురించి అడిగాను. అరగంట ఆపకుండా మాట్లాడింది. దూది దుమ్ముకి నానమ్మకి దగ్గు ఎలా పట్టుకుందో, ఆ దగ్గుని బట్టి ఇంట్లో వాళ్ళు ఆవిడ ఏ గదిలో ఉందో ఎలా చెప్పేవాళ్ళో. సున్నా కొట్టేయించడానికి నాకు పది రోజులు పట్టింది.

ఏడో నియమం అలా వచ్చింది. యంత్రం చెప్పిన శాతాన్ని బట్టి ఎవరినీ శిక్షించకూడదు. రాసినవాళ్ళను పిలిచి కూర్చోబెట్టాలి, చిత్తుప్రతులు చూడాలి, రాసినదాని గురించి మాట్లాడించాలి, వాళ్ళు రాస్తుండగా చూసినవాళ్ళు ఉంటే వాళ్ళ మాట కూడా వినాలి. తొమ్మిదో నియమంలో, విద్యార్థి అయినా ఆచార్యుడైనా తన రచనలో తీసుకున్న ప్రతి సాయాన్నీ ఒక పత్రంలో చెప్పాలి, యంత్రం చేసినదైనా, మనిషి చేసినదైనా అని రాశాను. ఆయన టీ తాగుతూ చదివి, "మనిషి చేసినదైనా" అన్న రెండు మాటలూ కొట్టేశారు.

"ఎందుకు కొట్టేశారు?"

"ఇది ఏఐ విధానం నీలా. మనుషులు మన పరిధిలోకి రారు."

నలభై మూడు పేజీలు. బెంగళూరులో విడుదల చేసిన రోజు అన్ని పేపర్లలోనూ ఆయన ఫోటో వచ్చింది. దేశంలోనే ఇంత మనసున్న విధానం లేదని ఒకరు, ఒక ఉపాధ్యాయుడి గుండె ఇందులో ఉందని ఇంకొకరు. టీవీలో ఆయన, "అణ్ణిగేరి నుంచి బస్సులో వచ్చే ఒక ఆడపిల్ల కన్నీళ్ళు నాకు ఏడో నియమాన్ని నేర్పాయి" అన్నారు. గొంతు కూడా వణికింది. ఇంటికి వచ్చాక అడిగాను, "శాహీన్ మీకెక్కడ కనిపించింది?" అని.

"నువ్వు చెప్పావుగా. నువ్వు చూస్తే నేను చూసినట్టు కాదా?" అన్నారు. ఆ మాటలో మోసం లేదు, అదే నాకు ఒళ్ళు మండించింది. ఆయన నిజంగానే అలా అనుకుంటారు. నా కళ్ళు ఇంటి సామాను.

అప్పటికి నాలుగు నెలల ముందే పుస్తకం వచ్చింది. 'తిరగలి చెప్పిన కరువు'. పద్దెనిమిది వందల డెబ్బై ఆరు కరువులో ఈ ప్రాంతపు ఆడవాళ్ళు ఏం చూశారో, ఏం తిన్నారో, ఎవర్ని వదులుకున్నారో, తిరగలి పాటల నుంచి, సర్కారు కాగితాల నుంచి రాసిన చరిత్ర. తొమ్మిదేళ్ళు ఆదివారాలన్నీ నేను బస్సులెక్కి ఊళ్ళు తిరిగాను. నవలగుందలో ఫకీరవ్వ అని తొంభై ఏళ్ళ ముసలావిడ, "పాట ఊరికే రాదమ్మా, చేతికి పని కావాలి" అని ఒట్టి తిరగలి పెట్టుకుని తిప్పుతూ పాడింది. అవతలి పిడి నేను పట్టుకున్నాను. మా ఆయన ఆ ఊరికి ఒక్కసారి వచ్చారు, కారు దిగలేదు.

ఆ పుస్తకం ఆయన పేరుతో ఎందుకు వచ్చిందని ఎవరైనా అడిగితే చెప్పడానికి నా దగ్గర పెద్ద కథ లేదు. ఎవరూ లాక్కోలేదు. "నీ పేరుతో వేస్తే ఎవరు వేస్తారు చెప్పు, అతిథి ఉపన్యాసకురాలని రాస్తారా?" అన్నారు ఒక రోజు. "నా పేరుతో అయితే యూనివర్సిటీ ప్రచురణ" అన్నారు ఇంకో రోజు. "మనిద్దరం వేరా?" అన్నారు మూడో రోజు. నాలుగో రోజు నేనే ఆయన లాప్‌టాప్‌లో టైపు చేయడం మొదలుపెట్టాను. ముందుమాట కూడా నేనే టైపు చేశాను. "చివర్లో భార్య గురించి అందరూ ఏదో ఒకటి రాస్తారుగా, నువ్వే రాసెయ్" అన్నారు. "సకాలంలో టీ అందిస్తూ నా రచనకు తోడ్పడిన అర్ధాంగి నీలగంగకు" అని రాసుకున్నాను. నాకు నేనే కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆయన చదివి బాగుందన్నారు.

సెప్టెంబరులో ఫిర్యాదు వచ్చింది. అప్పటికి కొత్త వైస్ ఛాన్సలర్ పదవికి ముగ్గురి పేర్లు పైకి వెళ్ళాయి, ఆయన పేరు మొదటిది. రెండో పేరు ప్రొఫెసర్ అంగడి. అంగడి గారు ప్రభుత్వానికి ఉత్తరం రాశారు. హిరేమఠ గారి పుస్తకాన్ని సాఫ్ట్‌వేర్‌లో పరీక్షిస్తే ఎనభై మూడు శాతం యంత్రం రాసినట్టు వచ్చింది. గడిచిన రెండేళ్ళలో నూట నలభై సమావేశాలకు హాజరైన మనిషి నాలుగు వందల పన్నెండు పేజీల పుస్తకం ఎప్పుడు రాశాడు? ఆయన పెట్టిన నియమం ప్రకారమే ఆయన్ని పిలిచి విచారించాలి. మా ఆయన ఆ ఉత్తరం నకలు భోజనాల బల్ల మీద విసిరికొట్టారు. నేను తీసి చదివాను. అంగడి గారి మీద నాకు గౌరవం కలిగింది. ఇరవై ఆరేళ్ళలో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆయనే.

ఎనభై మూడు. ఆ అంకె నా బుర్రలోంచి పోలేదు. గిన్నెలు తోముతున్నా అదే, బస్సులో నిలబడినా అదే. ఆ సాఫ్ట్‌వేర్‌కి కన్నడం ఎంత వచ్చో దేవుడికే తెలియాలి, అయినా అది ఏం చెప్పింది? ఈ పుస్తకం రాసింది విసుక్కోనిది, అలిసిపోనిది, పేరు అడగనిది, చెప్తే చేసిపెట్టేది అంది. మా అత్తమ్మ చెప్పిందీ అదే. బాత్‌రూమ్‌లో కుళాయి తిప్పి నవ్వుకున్నాను. నవ్వు ఎప్పుడు ఏడుపైందో తెలియలేదు. నాకు కోపం వచ్చింది, నిజంగా వచ్చింది, యంత్రం మీద కాదు. ఆ మిగతా పదిహేడు శాతం ఎవరిదో ఒక్కళ్ళైనా అడగరేం అని.

విచారణకి తేదీ పడింది. ఆయన మెత్తబడ్డారు. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి మాట్లాడారు, పెళ్ళైన కొత్తలోలాగా.

"ఏఐ రాయలేదని నీకు తెలుసు కదా?"

"తెలుసు."

"మనం రాసుకున్నదే కదా?"

పుస్తకం వచ్చినప్పుడు 'నేను' అన్నారు. ఫిర్యాదు వచ్చాక 'మనం' అంటున్నారు.

"ఆ చిత్తు కాగితాలు ఉన్నాయా, పారేశావా?"

ఉన్నాయి. పాత పిండి డబ్బాలో, అధ్యాయానికొక మూట కట్టి. ఆయన మొహం వెలిగింది, వెంటనే ఆరిపోయింది. దస్తూరి నాది. కాసేపు గదిలో అటూ ఇటూ తిరిగి, చివరికి తనే కాపీ చేస్తానన్నారు. పన్నెండు అధ్యాయాల్లో మూడు చాలు, మిగతావి ఇల్లు మారినప్పుడు పోయాయని చెప్తానన్నారు. పదకొండు రోజులు సెలవు పెట్టారు.

ఆ పదకొండు రోజులూ చూడాల్సిన దృశ్యం. యాభై రెండేళ్ళ ప్రొఫెసరు, తప్పు చేస్తే వందసార్లు రాయమన్న పిల్లవాడిలా బల్ల ముందు వంగి కూర్చుని, ఎడమ పక్కన నా కాగితాలు, కుడి పక్కన తెల్ల కాగితాలు పెట్టుకుని, అక్షరం చూడటం, అక్షరం వేయడం. మొదటి రెండు రోజుల్లోనే మధ్యవేలు వాచింది. "పాపం, పిల్లాడి వేలు చూడవే, కాయ కాసింది" అని అత్తమ్మ బాధపడింది. నా వేలి మీద కాయ ఆవిడకి ఎప్పుడూ కనిపించలేదు. "అక్షరాలు చూసి వేసుకుంటూ పోకండి, కాస్త చదువుతూ రాయండి" అని ఒకసారి చెప్పాను. "నాకు నేర్పకు, టైమ్ లేదు" అన్నారు. సరేనని ఊరుకుని, పదకొండు రోజులూ సకాలంలో టీ అందించాను.

ఒక అధ్యాయం పూర్తవగానే నా కాగితాల మూట నాకిచ్చి, "ఇంక ఇవి ఇంట్లో ఉండకూడదు, నీళ్ళ పొయ్యిలో వేసెయ్" అన్నారు. మా పెరట్లో స్నానాలకి ఇంకా కట్టెల పొయ్యే. మొదటి అధ్యాయం తీసుకెళ్ళి పొయ్యి ముందు కూర్చున్నాను. ఒక్కొక్క కాగితం లోపలికి తోశాను. ఇరవై ఆరేళ్ళుగా చెప్పింది చేసిన చేతులు అవి, ఆగలేదు. నీళ్ళు మరిగాయి. అత్తమ్మ స్నానం చేసి వచ్చి, "ఇవాళ నీళ్ళు హాయిగా ఉన్నాయే" అంది. ఫకీరవ్వ ఇంట్లో ఆ సాయంత్రం, తిరగలి ఆపి ఆవిడ చెప్పిన మాటలు, వాటిని మర్చిపోకముందే బస్టాండులో కూర్చుని రాసుకున్న పేజీలు అవి. వాటితో మా అత్తమ్మ వీపు రుద్దుకుంది. రెండో మూట చేతికి వచ్చినప్పుడు పొయ్యి దాకా వెళ్ళి తిరిగొచ్చేశాను. వేశావా అంటే వేశానన్నాను. ఆయనతో నేను చెప్పిన మొదటి అబద్ధం అదేననుకుంటా. దాన్నీ, తర్వాత మూడోదాన్నీ బీరువాలో చీరల కింద పెట్టాను, మిగతా తొమ్మిదీ పిండి డబ్బాలోనే ఉండిపోయాయి.

అయినా విచారణకి సాక్షిగా రమ్మని ఆయన అంటే ఒప్పుకున్నాను. రాస్తుండగా చూసినవాళ్ళ మాట కూడా వినాలని రాసింది నేనే కదా, ఆ నియమం నన్నే వెతుక్కుంటూ వచ్చింది. "ఆయన రాస్తుండగా చూశాను, అని ఒక్క మాట చెప్పు. అబద్ధం కూడా కాదు, పదకొండు రోజులు చూశావుగా" అన్నారు ఆయన. తెలివైన మనిషి, కాదనలేం.

ఎందుకు ఒప్పుకున్నావని శాహీన్ లాంటి పిల్ల అడిగితే నేనేం చెప్తాను? భయం అని చెప్తాను, ముందుగా. నాకు యాభై ఒకటి. వచ్చే మార్చిలో కాలేజీ నన్ను మళ్ళీ ఆపేస్తుంది. ఈ ఇల్లు ఆయన పేరు మీద ఉంది. ఆ తర్వాత పుస్తకం సంగతి చెప్తాను. యంత్రమే రాసిందని తేలితే పుస్తకాన్ని వెనక్కి తీసుకుంటారు, ప్రతులన్నీ చింపేస్తారు. ఫకీరవ్వ పోయి నాలుగేళ్ళైంది. ఆవిడ పాటలు యంత్రం కల్పించిన పాటలని లోకం అనుకుంటుంది. నేను నోరు మూసుకుంటే పుస్తకం పోతుంది, ఆయన చెప్పమన్నది చెప్తే పుస్తకం ఉంటుంది, నేను మాత్రం అందులో ఎప్పటికీ ఉండను. ఉన్నది ఉన్నట్టు చెప్తే ఏమవుతుందో ఊహించడానికి నాకు ధైర్యం చాలలేదు. బిడ్డ బతికితే చాలు, ఎవరి పేరుతోనైనా బతకనీ అనుకున్నాను. ఇలకల్ చీర ఇస్త్రీ చేసుకున్నాను.

విచారణ యూనివర్సిటీ అతిథి గృహంలో, పదకొండు గంటలకు. ముగ్గురు సభ్యులు. మధ్యలో కూర్చున్నావిడ ప్రొఫెసర్ విమలా కట్టీమని, జానపద సాహిత్యం బోధించి రిటైరయ్యారు. మనిషి చిన్నగా ఉంటుంది, కళ్ళద్దాలు ముక్కు చివర. బల్ల మీద ఒక పక్క అచ్చు పుస్తకం, ఒక పక్క మా ఆయన రాసిన కట్ట.

"మీ నియమం ప్రకారమే మిమ్మల్ని పిలిచాం హిరేమఠ సర్, ఏమీ అనుకోకండి."

"అయ్యో, నియమం అందరికీ ఒకటే మేడమ్" అన్నారు ఈయన పెద్దమనసుతో.

ఆవిడ చదువుతూ పోయింది. తొందరలేదు. పేజీ తిప్పే ముందు అచ్చు పుస్తకంలో పేజీ కూడా తిప్పుతోంది. మిగతా ఇద్దరూ టీ తాగి, బిస్కెట్లు తిని, ఫోన్లు చూసుకుంటున్నారు.

"దస్తూరి ముత్యాల్లా ఉంది సర్. కొట్టివేత ఒక్కటి కూడా లేదు."

"అంతా మనసులో అనుకున్నాకే కలం పడతాను మేడమ్. మొదటి నుంచీ అదే అలవాటు."

"అలాగా" అని ఆవిడ ఒక పేజీ దగ్గర ఆగి, పైకి చదివింది. "'సహాయ శిబిరంలో రాళ్ళు కొట్టే పనికి కూలి ఇచ్చేవారు. జొన్నలు అయిపోయాయి, శనివారం మర. ఆడవాళ్ళకి మగవాళ్ళ కంటే తక్కువ కూలి.' ఈ శనివారం మర ఏమిటి సర్?"

అది నేను రాసుకున్నది. వంటగట్టు మీద రాసేటప్పుడు ఇంటి పని ఏదైనా గుర్తొస్తే ఆ వాక్యం మధ్యలోనే రాసేసుకుంటాను. వేరే కాగితం వెతికేలోపు మర్చిపోతాను కదా. టైపు చేసేటప్పుడు వాటిని వదిలేసేదాన్ని, అవేమిటో నాకు తెలుసు కాబట్టి. ఆయన వదల్లేదు. ఒక్కటి కూడా వదల్లేదు, పదకొండు రోజులూ కూర్చుని మా ఇంటి జొన్నల్ని కరువులో కలిపేశారు.

"శిబిరాల్లో మేడమ్, శనివారాలు గింజలు మర పట్టించేవాళ్ళు" అన్నారాయన తడుముకోకుండా. "ఆధారం బలంగా లేదని అచ్చులో తీసేశాను."

ఆవిడ తలూపింది. నాలుగు పేజీలు గడిచాయి. మళ్ళీ ఆగింది.

"'అత్తమ్మకి మోకాళ్ళు, నూనె కాచాలి వెల్లుల్లి వేసి.' ఇది?"

ఈసారి ఆయన కాస్త వంగి ఆ కాగితం చూశారు. తల్లిని ఆయన అవ్వా అంటారు, ఈ అత్తమ్మ ఎవరో ఆయనకి తట్టలేదు. మొహంలో వెలుగు వచ్చింది. "తిరగలి పాటలో చరణం మేడమ్. ఆ పాటల నిండా అత్తగార్లే కదా."

కట్టీమని గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. ఆవిడ మొహంలో అనుమానం లేదు, ఆశ ఉంది. అది చూసే నాకు సిగ్గేసింది. "నలభై ఏళ్ళుగా ఈ పాటలు సేకరిస్తున్నాను సర్, ఈ చరణం ఎక్కడా వినలేదు. ఎంత బాగుంది! ఏ ఊళ్ళో దొరికింది? ఎవరు పాడారు?"

ఆయన నా వైపు చూశారు. ఆ చూపు నాకు బాగా అలవాటు. సభల్లో, ఇంటర్వ్యూల్లో, విందుల్లో, తేదీ మర్చిపోయినా, ఊరి పేరు నోటికి రాకపోయినా, ఆయన అలా పక్కకి తిరిగి చూస్తారు, నేను మెల్లగా అందిస్తాను, ఆయన అందుకుని గట్టిగా చెప్తారు. ఇప్పుడూ అందిస్తానని ఆయనకి ఎంత నమ్మకమో! ఏదో ఒక ఊరి పేరు చాలు. ఫకీరవ్వ పేరు చెప్పినా సరిపోతుంది, చచ్చిపోయిన మనిషి లేచొచ్చి కాదనదు. ఆ పేరు నా నాలుక చివరి దాకా వచ్చింది. ఆవిడ పాడని పాటని ఆవిడ నోట్లో పెట్టబోతున్నానని అప్పుడు తెలిసింది నాకు. నా ఇరవై ఆరేళ్ళని ఎవరికైనా ధారపోయొచ్చు, అవి నావి. ఆ ముసలావిడ నోరు నాది కాదు.

ఆయన అడిగింది ఎప్పటిలాగే అందించాను, కాస్త గట్టిగా.

"అది పాట కాదు మేడమ్. మా అత్తమ్మకి మోకాళ్ళ నొప్పులు. ఆ పేజీ రాస్తుంటే నూనె కాచాలని గుర్తొచ్చింది, మర్చిపోతానని అక్కడే రాసుకున్నాను."

గదిలో ఫోను చూసుకుంటున్న ఇద్దరూ తలెత్తారు. ఆయన "నీలా" అన్నారు, పిలిచినట్టు కాదు, ఆపమన్నట్టు. కట్టీమని గారు ఆయన దస్తూరి వైపు చూసింది, నా చేతుల వైపు చూసింది.

"ఈ ఒక్క పేజీయేనా అమ్మా, మీరు రాసింది?"

"లేదు మేడమ్" అన్నాను. "నాలుగు వందల పన్నెండూ."